కల్లం నుంచి నేరుగా

గుంటూరులో ఆ హోమ్ వాళ్ళు మా అత్తను చేర్చుకునే ముందు ఒక కాగితం ఇచ్చారు. పేరు, వయసు, ఊరు, వేసుకునే మందులు, తినేవి, తిననివి. మా బావ అన్నీ చకచకా రాసేశాడు. అడుగున ఇంకో గడి ఉంది: ఇంట్లో ఎందుకు ఉంచుకోలేకపోతున్నారు? అక్కడ పెన్ను ఆగింది. కాసేపు గోడకేసి చూసి, 'మతి సరిగా లేదు, చూసుకునేవాళ్ళు లేరు' అని రాసి సంతకం పెట్టాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. చూసుకునేవాళ్ళు లేరా? మరి పక్కన నిలబడ్డ నేనెవర్ని? ఎనిమిది నెలలు ఉచ్చా దొడ్డీ ఎత్తిందెవరు? తిరుగు బస్సులో దర్శి వచ్చేదాకా బావతో మాట్లాడలేదు. ఆ రెండో మాట అబద్ధమని దారి పొడుగునా ఉడికిపోయానే గానీ, మొదటి మాట కూడా అబద్ధమేనని నా బుర్రకు తట్టలేదు.

మా అత్త నాకు పెళ్ళితో వచ్చిన అత్త మాత్రమే కాదు, మా నాన్నకు స్వయానా అక్క. మాది మేనరికం. అందుకే ఇన్నేళ్ళయినా, కూతురికి పెళ్ళి చేసి పంపేశాక కూడా, మొగుణ్ణి బావా అనే పిలుస్తాను, అత్తను నువ్వు అనే అంటాను. ఆవిడకూ నాకూ మధ్య మర్యాదలు లేవు. ఆవిడ ఒకటంటే నేను రెండనేదాన్ని, సాయంత్రానికి ఇద్దరం ఒకే కంచం దగ్గర కూర్చునేవాళ్ళం. నేను నోరున్న మనిషిని. ఆ నోరు ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

సెల్‌ఫోన్లు ఊరికి ఒకటో రెండో వచ్చిన రోజులవి. ఆ ఏడు తొలకరికి వాకిట్లో పాచి మీద కాలు జారి అత్తకు తుంటి ఎముక విరిగింది. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. వయసు మీద పడింది, ఎముకలో బలం లేదు, ఇక లేచి నడవడం కష్టమేనన్నారు. ఆమెను మంచం మీదే ఇంటికి తెచ్చుకున్నాం. నడుము కింద కదలిక లేదు గానీ నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. మంచం మీద నుంచే పాలు పొంగుతున్నాయనీ, గేదెకు కుడితి పెట్టలేదనీ కేకలేసేది.

పాత నూలు చీరలు చింపి గుడ్డలు చేసుకున్నాను. పొద్దున్నే తుడిచి, గుడ్డ మార్చి, పక్కకు ఒత్తిగిలబెట్టి వీపుకు పౌడరు అద్దేదాన్ని. మధ్యాహ్నం అన్నం కలిపి ముద్దలు పెట్టి, వేణ్ణీళ్ళతో ఒళ్ళంతా తుడిచేదాన్ని. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు వారానికోసారి వచ్చి చూసి, 'మంచాన పడ్డ మనిషికి ఒక్క పుండు లేదమ్మా, నీ చేతి చలవ' అనేవాడు. పొంగిపోయేదాన్ని. చూడవచ్చిన ప్రతి ఒక్కరికీ ఆవిడ వీపు తిప్పి చూపించేదాన్ని. 'నా వీపేమన్నా సినిమానా, ఊరందరికీ చూపిస్తావ్' అని అత్త తిట్టేది. అయినా చూపించేదాన్ని.

పుష్యమాసం దాకా అలా నడిచింది. తర్వాత మిరప కోతలు మొదలయ్యాయి.

ఆ ఏడు కాలవకు నీళ్ళు బాగా వచ్చాయి. ప్రతివాడూ మిరపే వేశాడు. దాంతో కూలీలు దొరకలేదు. పొదిలి వైపు నుంచి ఆటోల్లో తెచ్చుకున్నా కోతకే సరిపోయేవాళ్ళు గానీ, ఎండిన కాయ ఏరడానికి మనుషుల్లేరు. మా కల్లం ఇంటి వెనక దొడ్డి దాటితేనే. నేనే చీర బిగించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని దిగాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ ఎర్రటి రాశి ముందు కూర్చుని తెల్లబారిన తాలు కాయ వేరు చేయడం, తొడిమలు తీయడం. నిజం చెప్పొద్దూ, నాకా పని ఇష్టం. మా చేతులు చిన్నప్పటి నుంచీ అలవాటు పడ్డవి. తుమ్ములు రావు, మంట తెలీదు.

ఎండ నడినెత్తికి రాగానే లేచి, తొట్టి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, కల్లం నుంచి నేరుగా అత్త దగ్గరికి వచ్చేదాన్ని. ఆలస్యమైతే ఆవిడ ఆకలికి ఆగలేదని పరుగు పరుగున వచ్చేదాన్ని.

మూడో రోజో నాలుగో రోజో, ఒళ్ళు తుడుస్తుంటే అంది, "అమ్మాయ్, మండుతోందే."

నీళ్ళు వేడెక్కువయ్యాయేమో అనుకుని చన్నీళ్ళు కలిపాను.

"నీళ్ళు కాదే."

"మరేంటి? తుడవొద్దా? కంపు కొడుతూ పడుంటావా?" అన్నాను. ఆకలి మీదున్నాను, నడుం పడిపోతోంది. నాకు ఓపిక తక్కువ.

మర్నాడు ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసింది. పెదాలు బిగబట్టి తల పక్కకు తిప్పేసుకుంది. ఆ మర్నాడు తుడవబోతే నా చెయ్యి పట్టుకుని గట్టిగా నెట్టింది. వారం తిరిగేసరికి మధ్యాహ్నం నేను గదిలోకి అడుగుపెట్టడం, ఆవిడ కేకలు మొదలుపెట్టడం. ప్రహరీ అవతల మనుషులు పని ఆపి వినేంత కేకలు.

ఆర్‌ఎంపీని పిలిచాం. తొడల సందున, వీపు కింద ఎర్రగా కందిపోయి ఉంది. 'మంచం పుండు మొదలవుతోందమ్మా' అని ఆయింట్‌మెంట్ రాసిచ్చి, రోజుకు రెండుసార్లు బాగా పట్టించమన్నాడు. ఎనిమిది నెలల్లో రాని పుండు ఇప్పుడొచ్చిందే అని నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ ఆయింట్‌మెంట్ ఈ వేళ్ళతోనే, ఈ పది వేళ్ళతోనే, మెత్తగా, ఓపిగ్గా, లోపలికి ఇంకేదాకా రుద్దాను. ఆవిడ నా చెంప మీద కొట్టింది. నా జన్మలో అత్త నన్ను కొట్టింది అదొక్కసారే.

ఆ సాయంత్రం బావ మంచం పక్కన కూర్చుంటే చెప్పింది, "ఒరేయ్, నీ పెళ్ళాం నాకు మిరపకాయలు రుద్దుతోందిరా."

నేను గడపలో నిలబడి విన్నాను. ఎంత మాట! రాశిలోంచి గుప్పెడు కాయ తెచ్చి ముసలిదాని ఒంటికి రుద్దే మనిషినా నేను? బావ నాకేసి చూశాడు. ఆ చూపులో అనుమానం ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను గానీ, ఉందనే అనుకున్నాను. లోపలికి పోయి గిన్నెలు విసిరికొట్టాను.

మాట ఊళ్ళోకి పోయింది. పోకుండా ఎలా ఉంటుంది? నీళ్ళ పంపు దగ్గరికి నేను వెళ్తే మాటలు ఆగిపోయేవి. మొన్నటిదాకా కోడలంటే నువ్వేనన్న ఆడవాళ్ళు నా చేతులకేసి చూసేవాళ్ళు.

కబురు విని ఒంగోలు నుంచి వదిన వచ్చింది. వదినంటే బావకు అక్క, అత్తకు ఒక్కతే కూతురు. వచ్చిన రోజే తను అన్నం కలిపి పెట్టింది. అత్త ముద్ద తర్వాత ముద్ద, పాపం ఎన్నాళ్ళ ఆకలో, కంచం ఖాళీ చేసింది. తను తుడిస్తే కిక్కురుమనలేదు. వారం రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎర్రటి చోట కూడా తగ్గింది.

అది చూసి నాకు ఎంత కుళ్ళు వచ్చిందో చెప్పలేను. కూతురైతే తింటుంది, కోడలైతే ఉమ్ముతుందన్నమాట! ఎనిమిది నెలల చాకిరీ అంతా బూడిదలో పోసినట్టే అనుకున్నాను. మేనకోడల్ని కదా, సొంత బిడ్డలా చూసిందనుకున్నాను కదా, అని కల్లంలో కాయ ఏరుతూ ఏడ్చాను. కంటికి చెయ్యి తగలకుండా మోచేత్తో తుడుచుకున్నాను. వినండి, మోచేత్తో తుడుచుకున్నాను! నా కన్ను గురించి అంత జాగ్రత్త ఉంది నాకు.

వదిన బయలుదేరే ముందు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నిజం చెప్పు. అమ్మను ఏం చేస్తున్నావ్?"

ఇక చూడండి. నేనేం అన్నానో, తనేం అందో రాయడం నా వల్ల కాదు. ఇద్దరం మేనత్త మేనమామ బిడ్డలం, ఒక కంచంలో తిన్నవాళ్ళం. నువ్వే తీసుకుపో అన్నాను. తనది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఇంట్లో తన అత్తమామలిద్దరూ ఉన్నారు. ఎలా తీసుకుపోతుంది? ఏడుస్తూ బస్సెక్కింది. మర్నాటి నుంచి మళ్ళీ నేను, మళ్ళీ కేకలు.

బావ ఆమెను కారులో బ్రాడీపేట డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఏమంటుంది అని డాక్టరడిగాడు. కోడలు మిరపకాయలు రుద్దుతోందంటుంది అని బావ తల దించుకుని చెప్పాడు. డాక్టరు చిన్నగా నవ్వాడు. ఈ వయసులో ఇలాంటి అనుమానాలు మామూలే, దగ్గరున్నవాళ్ళ మీదే వస్తాయి, మీరేం బాధపడకండమ్మా అని నాకు ధైర్యం చెప్పి నిద్రమాత్రలు రాశాడు. నాకు నెత్తి మీద బరువు దించినట్టయింది. అమ్మయ్య, పిచ్చి అన్నమాట! నా తప్పు లేదన్నమాట. అత్తకు పిచ్చి అంటే సంతోషపడ్డాను నేను.

మాత్రలు వేశాక రోజంతా మగతగా పడుండేది. తిండి మరీ తగ్గింది. మెలకువ రాగానే మళ్ళీ అదే మాట. ఒకరోజు గుడ్డ మారుస్తుంటే గోళ్ళతో నా ముంజేతిని రక్కింది. రక్తం వచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని వసారాలో ఉన్న బావ ముందుకు పోయి అరిచాను, "ఇక నా వల్ల కాదు బావా. తీసుకెళ్ళి ఏ హోమ్‌లోనో వేసిరా."

ఆ మాట అన్నది నేనే. బావ నోటి నుంచి ఎప్పటికీ వచ్చేది కాదు.

వారంలో చేర్చేశాం. బ్రాడీపేటకు అవతల ఒక సందులో పాత ఇల్లు, పన్నెండు మంచాలు, ఇద్దరు ఆయాలు, ఒక నర్సు. మేం లేచి వచ్చేస్తుంటే అత్త నన్ను పిలిచింది. దూరంగానే నిలబడ్డాను.

"ఈ ఏడు కాయ రంగు బాగుందా?" అంది.

మతిలేని మనిషి అడిగే మాటేనా అది? నాకు తట్టలేదు. ఊఁ అని మొహం తిప్పుకుని వచ్చేశాను.

నెల గడిచింది. బావ లారీలో కాయ నింపిన టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు మిరప యార్డుకు వెళ్తూ, నువ్వూ రా, అమ్మను చూసొద్దాం అన్నాడు. ముందురోజు సాయంత్రం దాకా కల్లంలోనే ఉండి, పొద్దున్నే తలంటుకుని, మంచి చీర కట్టుకుని బస్సులో వెళ్ళాను. బావ యార్డు నుంచి వస్తానన్నాడు. నేను ముందే చేరాను.

గుమ్మంలోనే ఆగిపోయాను. అత్త చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. తల దువ్వి ఉంది. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తన చేత్తో ఉప్మా తింటూ, పక్క మంచం ముసలావిడకు పత్తి పురుగు గురించి ఉపన్యాసం ఇస్తోంది. మొహం నిండుగా ఉంది.

ఆయా ఎదురొచ్చింది. పొదిలి వైపు మనిషి, గట్టి గొంతు. "మీరేనా కోడలు? మీ అత్తగారికి మతికేమైందండీ? నాకంటే బాగుంది. ఇక్కడున్నోళ్ళు ఎందుకొచ్చారో నాకు తెలుసు. ఆ కిటికీ దగ్గరావిడ పొయ్యి ఆర్పడం మర్చిపోయి వచ్చింది. ఆ పక్కాయన్ని ఎత్తలేక కోడలి నడుం పోయింది. ఈవిడెందుకొచ్చిందో మాత్రం నెల నుంచీ నాకు అర్థం కాలా. వచ్చిన రోజు ఒళ్ళు చూస్తే మాత్రం, అమ్మో! ఏం రాశారండీ అంత కందిపోయేట్టు?"

"ఆయింట్‌మెంట్ రాశాను, డాక్టరు ఇచ్చిందే" అన్నాను.

దగ్గరికి వెళ్ళాను. అత్త నన్ను చూసి, "వచ్చావుటే" అంది మామూలుగా. పెదవి చివర ఉప్మా అంటుకుని ఉంది. తుడుద్దామని చెయ్యి చాపాను. అంతే, పళ్ళెం కింద పడింది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కుర్చీలో వెనక్కి ముడుచుకుపోయింది.

ఆయా నా మణికట్టు పట్టుకుంది. నా అరచెయ్యి తన ముక్కు దగ్గరికి తీసుకుంది. ఒక్క క్షణం. తర్వాత నాకేసి చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను.

"మిరప చేతులు" అంది. "ఈ చేతుల్తోనా కడిగింది?"

"సబ్బుతో కడుక్కున్నానండీ! ఇవాళ తలంటుకున్నాను కూడా!"

"సబ్బుకు పోతుందా ఘాటు? మిరప ఊరి దానివి, నీకు తెలీదూ?"

నమ్మలేదు. చూపుడువేలు నాలుక మీద పెట్టుకున్నాను, ఏమీ లేదు. కింది రెప్ప లోపల తగిలించుకున్నాను. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత అందుకుంది. కన్ను పీకేసినట్టు మంట, నీళ్ళు ధారగా కారాయి. కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. ముందురోజు పని చేసి, స్నానం చేసి, నూటయాభై కిలోమీటర్లు వచ్చిన చెయ్యి అది. మరి కల్లం నుంచి నేరుగా వెళ్ళిన చెయ్యి? వేణ్ణీళ్ళలో తడిపి, ఆవిడ తొడల సందున పెట్టిన చెయ్యి? పుండు మీద ఆయింట్‌మెంట్ రుద్దిన చెయ్యి? నోట్లో ముద్ద పెట్టిన చెయ్యి?

మిరపకాయలు రుద్దుతోంది అంది. అక్షరాలా ఉన్నమాటే చెప్పింది. కొడుకుతో చెప్పింది, కూతురితో చెప్పింది, ఆ మాట డాక్టరు దాకా పోయింది. ఆ మాట విని మేమందరం ఆవిడకు పిచ్చి అని తేల్చాం. నేను నన్ను తిట్టిందనుకున్నానే గానీ, ఒక్కసారి, ఒక్కసారి నా చేతులు వాసన చూసుకోలేదు.

అత్త మొహం మీద నుంచి చేతులు తీసింది. నా కంట్లో నీళ్ళు చూసింది.

"మండుతోందా?" అంది.

ఊఁ అన్నాను.

"నీ కూతురు కోతల్లోనే పుట్టింది, గుర్తుందా? మూడు నెలలు దాన్ని నీ చేత్తో ముట్టుకోనిచ్చానుటే? చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోబెట్టి, నేనే పిల్లను నీ రొమ్ముకు పట్టలా?"

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? ఆ మూడు నెలలూ నేనే కల్లంలోకి దిగాను, ఆవిడ కల్లం మొహం చూడలేదు. స్నానం ఆవిడే పోసేది, కాటుక ఆవిడే పెట్టేది. నేను పొరపాటున ఉయ్యాల మీద చెయ్యి వేస్తే, 'ఏయ్, చేతులు!' అని ఇల్లెగిరిపోయేలా అరిచేది. పసిబిడ్డ ఒళ్ళు సంగతి నాకు తెలుసు. మా వైపు ఏ తల్లికి తెలీదు? ముసలి ఒళ్ళు కూడా అంతే పల్చబడుతుందని నాకు తోచలేదు. ఎనభై ఏళ్ళు మిరపలో మునిగి తేలిన మనిషి, ఆవిడకేం మంటలే అనుకున్నానో ఏమో. అసలేమీ అనుకోలేదు. అదే నిజం.

"అత్తా, ఇంటికి పోదాం రా. ఇప్పుడే" అన్నాను ఏడుస్తూ.

"ఆ చేతుల్తోనా? కల్లం ఎత్తేశాక రా" అంది. చెప్పి, ఆయాతో పళ్ళెం తీయమంది.

బావ వచ్చాక చెప్పాను. ఆయన బయట అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నన్ను ఒక్క మాటనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చి మళ్ళీ కాయ ముట్టుకోలేదు. మిగిలిన రాశి బావ ఎలా అయినా చేసుకోనీ అన్నాను. మజ్జిగలో చేతులు నానబెట్టాను, కొబ్బరినూనె రాశాను, గోళ్ళు మొదటికంటా తీసేశాను. రోజూ పొద్దున్నే వేలు కంటిరెప్పకు తగిలించుకుని చూసుకునేదాన్ని. ఒంగోలు ఫోన్ చేసి వదినతో మొత్తం చెప్పాను. తను 'నాకు వినపడలేదే, నాకూ వినపడలేదు' అని ఏడ్చింది.

కల్లం ఎత్తేశాక, చేతులు తేటపడ్డాయని నమ్మకం కుదిరాక వెళ్ళాను. ఆయా ముందు వాసన చూసింది. ఆ తర్వాత అత్త చూసింది, రెండు అరచేతులూ, వేళ్ళ సందులూ. సరే అంది. తీసుకెళ్ళేటప్పుడూ ఒక కాగితం ఉంది, అందులోనూ కారణం రాయాలి. ఈసారి పెన్ను నేను తీసుకున్నాను. 'మతి బాగానే ఉంది, మేమే వినలేదు' అని రాశాను. నర్సు చదివి ఫైల్లో పెట్టుకుంది.

అత్త ఆ తర్వాత రెండు కోతలు చూసింది. ఆ రెండేళ్ళూ నేను కల్లంలో అడుగుపెట్టలేదు. ఎప్పటిలాగే తిట్టుకున్నాం, ఎప్పటిలాగే ఒక దగ్గర తిన్నాం. ఒక్కటే మారింది. నా చెయ్యి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకునేది. మాట మధ్యలో ఉన్నా, నవ్వుతూ ఉన్నా, రెప్పలు బిగుసుకుపోయేవి.

ఒకరోజు మొహం తుడవబోతూ ఉండబట్టలేక అడిగేశాను, "ఇంకా నా మీద నమ్మకం లేదా అత్తా?"

"నాకుందే" అంది కళ్ళు మూసుకునే. "ఈ ఒంటికే ఇంకా రాలా."

తడిగుడ్డ ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ కళ్ళు తెరిచేదాకా అలాగే కూర్చున్నాను.